తెలుగులో సంగీత పుస్తకాలు

తెలుగులో సంగీత పుస్తకం రెండు పాయలుగా పెరిగింది. ఒక పాయకు స్వరం ప్రధానం: సరళీ వరుసల నుంచి కృతుల దాకా నేర్పే స్వరసహిత గ్రంథాలు ఇందులోకి వస్తాయి. రెండో పాయకు మాట ప్రధానం: వాగ్గేయకారుల చరిత్రలు, సినిమా పాటల పుస్తకాలు, గీత రచయితల సంపుటాలు.

అచ్చు రాకముందు సంగీతం గురుముఖతః నేర్చుకోవలసిందే. శిష్యుడి దగ్గర ఉంటే గింటే ఓ చేతిరాత ప్రతి ఉండేది. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో ఈ పరిస్థితి మారింది. వీణ రామానుజయ్య ‘సంగీత సర్వార్థ సార సంగ్రహము’ 1859లో వెలువడింది. తర్వాత తచ్చూరు సింగరాచార్యులు సోదరులు ‘గాయక పారిజాతము’ (1882), ‘గాయక లోచనము’ (1902) వంటివి వరుసగా తెచ్చారు. గురువు అందుబాటులో లేనివాళ్ల కోసం పి.ఎస్. రాములు చెట్టి ‘గాంధర్వ కల్పవల్లి’ని స్వయంబోధినిగా రాశారు.

వీటన్నిటికీ తలమానికం సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. 1904లో తమిళనాట ఎట్టయపురంలో ఇది అచ్చయింది. లిపి, భాష మాత్రం తెలుగే. దాదాపు 1,700 పుటల ఈ గ్రంథంలో ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 ఉన్నాయి. దీని వెనుక చిన్నస్వామి ముదలియార్ పట్టుదల ఉంది. ఆయన అప్పటికే కర్ణాటక కృతులను పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్‌లో ప్రచురిస్తున్నారు. సుబ్బరామ దీక్షితులు ఆ దారి పట్టలేదు. ‘సరిగమ’ అక్షరాలనే ఉంచి, కంపితం, స్ఫురితం వంటి గమకాలకు విడిగా గుర్తులు ఏర్పరచి అచ్చువేయించారు. మామూలు స్వరలిపిలో అక్షరం మీది చుక్క తారస్థాయిని, కింది చుక్క మంద్రస్థాయిని, కామా ఒక అక్షరకాలాన్ని, సెమికోలన్ రెండింటిని సూచిస్తాయి. స్వరం ఎలా ఊగాలో అవి చెప్పవు. ఆ లోటు తీర్చడమే దీక్షితులు చేసిన పని.

పాశ్చాత్య సంగీతం మొదలుపెట్టే పిల్లల చేతికిచ్చే పియానో పుస్తకానికి తెలుగులో సాటి వచ్చేది ప్రాథమిక వాచకం. మాయామాళవగౌళలో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, ఆపై గీతాలు, స్వరజతులు, వర్ణాలు — క్రమం దాదాపు మారదు. ఎ.ఎస్. పంచాపకేశ అయ్యర్ ‘గానామృత బోధిని’ తెలుగు ప్రతి ఇలాంటిదే. పియానో పుస్తకంలో పిల్లలకు తెలిసిన పాట మొదటి పుటల్లోనే వస్తుంది. ఇక్కడ గీతం దాకా ఓపిక పట్టాలి.

ఉత్తరాంధ్రలో స్వర గ్రంథాలకు పాఠకులను తయారుచేసినది 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షుడు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ శ్రీపాద పినాకపాణి, కృతులను సంగతులతో సహా స్వరపరచి రాసిన ‘సంగీత సౌరభము’ను తిరుమల తిరుపతి దేవస్థానం నాలుగు సంపుటాలుగా ప్రచురించింది. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకుల్లో రాగం పేరు ఉంది కాని స్వరం లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కొన్ని కీర్తనలకు తానే వరుసలు కట్టి స్వరసహితంగా అందించారు.

మాట వైపు పాయలో పెద్ద మెట్టు బాలాంత్రపు రజనీకాంతరావు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ (1958). దానికి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అంతకు ముందే సినిమా హాళ్ల దగ్గర పాటల పుస్తకం వెలసింది: పలచని కాగితం, నటీనటుల పట్టిక, ‘శేషం వెండితెరపై’ అని ఆగిపోయే కథ, ఆ వెనుక పాటలు. స్వరం ఒక్కటీ ఉండేది కాదు. వరుస వినికిడితోనే పట్టుబడేది. అణాల ఖరీదు చేసిన ఈ చిన్న పుస్తకాలే లక్షలమందికి తెలిసిన ఏకైక సంగీత పుస్తకాలు అనడం అతిశయోక్తి కాదు.

పాశ్చాత్య దేశాల్లో ఒకే ఆల్బమ్ మీద పూర్తి పుస్తకం రావడం కద్దు. తెలుగులో జనరంజక సంగీతం ఎక్కువగా సినిమా ద్వారా వచ్చింది కాబట్టి, ఆ స్థానాన్ని గీత రచయిత ఆక్రమించాడు. సి. నారాయణరెడ్డి ‘పాటలో ఏముంది నా మాటలో ఏముంది’లో తన పాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పారు. వేటూరి ‘కొమ్మ కొమ్మకో సన్నాయి’ రాశారు. పైడిపాల సినిమా పాట చరిత్రను పరిశోధించారు. అనకాపల్లిలో పెరిగిన సిరివెన్నెల సీతారామశాస్త్రి సమగ్ర సాహిత్యాన్ని ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా 2022 నుంచి సంపుటాలుగా తెచ్చింది. సంగీత దర్శకుల స్వరరచనను పుట పుటా విప్పి చూపే పుస్తకాలు మాత్రం ఇంత విరివిగా రాలేదు.

ఈ చీలిక గ్రంథాలయాలకూ చిక్కే. విశాఖపట్నం ద్వారకా నగర్‌లోని పౌర గ్రంథాలయమైనా మరో ఊరి గ్రంథాలయమైనా, సినీగీతాల సంపుటిని ఏ అలమరలో పెట్టాలన్నది ఒకటే ప్రశ్న. డ్యూయీ వర్గీకరణలో సంగీతం అంకె 780, తెలుగు సాహిత్యానిది 894.827.