గోడ లేని పొలిమేర: పావగడ సీమలో సరిహద్దులు, ఆర్థిక వ్యత్యాసములు

రెండు రాజ్యముల నడుమ గోడ లేచుటకు సాధారణముగా చెప్పబడు కారణము శత్రుభయము. కాని గడచిన రెండు శతాబ్దముల చరిత్రను పరిశీలించినచో, పెక్కు గోడలకు మూలము ధరలలోను, పన్నులలోను, కూలిలోను గల వ్యత్యాసమే యని తెలియుచున్నది. ఈ విషయమును విచారించుటకు తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా మిక్కిలి అనువైన ప్రదేశము. కర్ణాటకమునకు చెందినదైనను ఈ తాలూకా ఇంచుమించు అన్ని దిక్కులను ఆంధ్రప్రదేశపు భూములచే చుట్టబడియున్నది. ఇచ్చట పెక్కుమందికి ఇంటిభాష తెలుగు. కచేరీ భాష కన్నడము.

పూర్వకాలమున ఈ పొలిమేర లేదు. నొళంబ రాజుల రాజధానియగు హెంజేరు, అనగా నేటి హేమావతి, ప్రస్తుతము శ్రీ సత్యసాయి జిల్లా అమరాపురము మండలములో నున్నది. కరికాలచోళుని వంశమువారమని శాసనములలో చెప్పుకొనిన నిడుగల్లు చోళుల కొండకోట పావగడ తాలూకాలో నున్నది. నాడు ఒకే సీమకు చెందిన ఈ రెండు స్థలములు నేడు రెండు రాష్ట్రములలో నున్నవి. విజయనగర సామ్రాజ్యము క్షీణించిన పిదప పాలెగాండ్రు ఈ సీమయందు కోటలు కట్టుకొనిరి. వై.ఎన్. హొసకోట పేరే దీనికి నిదర్శనము. అది యల్లప్పనాయకుని హొసకోట. హొసకోట యనగా కన్నడమున క్రొత్తకోట. పాలెగాండ్ర కోటగోడలు దండు వచ్చినపుడు ఊరిని కాపాడుటకు కట్టినవి. పొరుగూరి కూలివానిని నిలిపివేయుట వాని ఉద్దేశము కాదు.

ఈ సీమలో గీత పడినది 1799లో. శ్రీరంగపట్టణము కూలి టిప్పుసుల్తాను మరణించిన పిదప మైసూరు రాజ్యము పంచబడెను. పావగడ మైసూరు ఒడయరులకు మిగిలినది. చుట్టుప్రక్కల నున్న సీమ నిజాము చేతులమీదుగా 1800లో కుంఫిణీ వారికి దత్తమైనది. ఆ దత్తమండలములలోని భాగమే 1882లో అనంతపురము జిల్లాగా ఏర్పడెను. అట్లు ఒకే వాన, ఒకే కరవు, ఒకే భాష గల పల్లెలు రెండు ప్రభుత్వముల క్రిందికి పోయినవి.

అదే శతాబ్దమున ఉత్తర హిందూదేశమునందు విచిత్రమైన గోడ యొకటి వెలసినది. ఆంగ్లప్రభుత్వము ఉప్పుపై విధించిన పన్ను వంగరాష్ట్రమున హెచ్చు. రాజస్థానపు సంస్థానములలో ఉప్పు చవుక. ఆ చవుక ఉప్పు ఇవతలికి రాకుండ సింధునది మొదలు మహానది వరకు 2,300 మైళ్ల సుంకపు గీత ఏర్పరచిరి. అందు చాల దూరము తుమ్మ, రేగు, వాక, నాగజెముడు నాటి సజీవమైన కంచె పెంచిరి. దానికి ఇంచుమించు 12,000 మంది కావలి యుండిరి. 1870 ప్రాంతమున సాంభర సరస్సు ప్రభుత్వపు కౌలులోనికి వచ్చెను. తరువాత పన్నులలోని భేదము చాలవరకు తగ్గింపబడెను. 1879లో ఆ కంచె విడిచిపెట్టబడెను. దానిని శత్రువులెవరును కూల్చలేదు. పన్నుల భేదము తగ్గి, ఉప్పు దొరకు చోటులు ప్రభుత్వపు చేతిలోనికి రాగా దాని అవసరమే లేకపోయినది.

1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగిన పిదపను పావగడ మైసూరు రాష్ట్రముననే నిలిచెను. పొలిమేర మారలేదు; కాని దాని స్వభావము అంతకుముందే మారియుండెను. భారత రాజ్యాంగపు 19వ అధికరణము పౌరునికి దేశమందెచ్చటనైనను తిరుగుటకును నివసించుటకును, 301వ అధికరణము వర్తకము స్వేచ్ఛగా సాగుటకును హామీ ఇచ్చినవి. అందుచేత వ్యత్యాసములు కలిగినను ఇచ్చట గోడ లేవలేదు. చెక్‌పోస్టులు మాత్రమే వెలసినవి.

వ్యత్యాసములకు కొదువ లేదు. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో బియ్యము రెండు రూపాయల పథకము వచ్చెను. 2013లో కర్ణాటకమున కిలో రూపాయికే బియ్యమిచ్చు అన్నభాగ్య మారంభమయ్యెను. 1995 నుండి 1997 వరకు ఆంధ్రప్రదేశమున మద్యనిషేధ ముండగా కర్ణాటకమున అంగళ్లు తెరచియే యుండెను. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చిన పిదప వర్తకపు పన్ను చెక్‌పోస్టులు తొలగినవి. మనిషి పొలిమేర దాటగలడు. వాని రేషన్ కార్డుపై వచ్చు రాష్ట్రపు రాయితీ దాటదు.

ప్రపంచమున ఇతర చోటుల ఇట్లు జరుగలేదు. 1994 జనవరి 1న అమెరికా, మెక్సికో, కెనడాల నడుమ వర్తక ఒడంబడిక అమలులోనికి వచ్చెను. అదే సంవత్సరము అక్టోబరులో శాండియాగో వద్ద కాలినడకను వచ్చు మెక్సికను కూలీలను ఆపుటకు కాపలా బిగించిరి. సరుకునకు ద్వారము తెరచి, సరుకు చేయు మనిషికి మూసిరి. కంచె పెరిగిన కొలది కూలీలు ఎడారి మార్గములు పట్టిరి. అందు మరణించినవారు వేలకొలది. కూలిలోని భేదము మిగిలియుండగా గోడ రాకను ఆపలేదు. దారిని మాత్రము ప్రమాదకరము గావించినది.

పావగడకు గోడ లేకపోయినను కంచె వచ్చినది. అది పొలిమేరపై గాక తాలూకా నడుమ వచ్చినది. తిరుమణి మొదలగు ఐదు గ్రామములలో సుమారు 13,000 ఎకరములలో సౌర విద్యుత్ పార్కు 2018లో ప్రారంభమై, 2,050 మెగావాట్ల సామర్థ్యమునకు పెరిగినది. భూములు కొనలేదు, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలునకు తీసికొనిరి. కరవు సీమలో ఇది రైతునకు నిలుకడ గల ఆదాయము. కాని ఆ పొలములలో కూలి చేసినవారికి, గొఱ్ఱెలు మేపుకొన్నవారికి కౌలు లేదు. పట్టా ఎవరిదో కౌలు వారిదే. పొలిమేర కావల పెనుకొండ సమీపమున 2019లో కార్ల కర్మాగారము వెలసినది. అచ్చటికి పని వెదకుకొనుచు పోవువానిని పొలిమేర వద్ద అడ్డగించు అధికారము ఎవరికిని లేదు.

రాజ్యాంగము ఇచ్చిన ఈ స్వేచ్ఛ చిన్నది కాదు. ఇది లేకున్నచో 1800 నాటి గీతపై ఏనాడో ముండ్లకంచె మొలచియుండెడిది. అయినను ఉప్పుకంచె కథ చెప్పు నీతి యింకను మిగిలియున్నది. పొలిమేరకు ఇరువైపులను గల పల్లెలకు త్రాగునీరు, చదువు, కూలి సమానముగా దొరకునపుడు ఆ గీత పటముపై మాత్రమే యుండును. అంతవరకు అది పేదవాని కార్డుపైనను, కూలివాని బాటపైనను కనబడుచునే యుండును.