లినక్స్ చరిత్ర – మన రెండు లిపులు

కంప్యూటర్ ఆన్ చేశాక దాన్ని నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. కీబోర్డు, తెర, ప్రింటరు అన్నీ దాని మాటే వింటాయి. మనలో చాలామందికి తెలిసింది విండోస్. దాన్ని మార్చుకునే హక్కు మనకు లేదు. లోపలి ప్రోగ్రామును చూడ్డానికి, మార్చుకోవడానికి, పక్కవాళ్లకు ఇవ్వడానికి అనుమతి ఉన్నవాటిని ఓపెన్ సోర్స్ అంటారు. వీటి చరిత్ర మన పావగడవాళ్లకు కూడా పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. అందరూ స్వేచ్ఛగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలన్నది ఆయన పట్టుదల. చాలా భాగాలు తయారయ్యాయి కానీ, గుండెకాయ లాంటి కెర్నెల్ సిద్ధం కాలేదు. 1991లో ఫిన్లాండ్‌లో, హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 21 ఏళ్ల వయసులో ఒక కెర్నెల్ రాశారు. అదే లినక్స్. 1992లో దాన్ని గ్నూ లైసెన్సు కిందికి తెచ్చారు. దాన్ని మార్చి ఇతరులకు పంచేవాళ్లు ఆ మార్పులను కూడా అదే స్వేచ్ఛతో ఇవ్వాలన్నది ఆ లైసెన్సు షరతు.

ఆ తర్వాత 1993లో డెబియన్, 2004లో ఉబుంటు వచ్చాయి. మన దేశంలో సి-డాక్ సంస్థ 2007లో బాస్ లినక్స్ విడుదల చేసింది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థవాళ్లు మెనూలు తెలుగులో కనిపించే లినక్స్ తయారు చేశారు. అందుకు ఏ కంపెనీనీ బతిమాలాల్సిన పని లేకపోయింది. నాకు నచ్చింది ఇదే. ఎక్కువమంది కొనరు అనుకునే భాషకు కూడా ఇక్కడ చోటు దొరుకుతుంది.

అయితే వాడేవాళ్లకు ఇబ్బందులు లేవా? ఉన్నాయి. మన తాలూకా కర్ణాటకది, చుట్టూ చాలావరకు ఆంధ్రప్రదేశ్. ఇంట్లో తెలుగు, ఆఫీసు అర్జీకి కన్నడ. డి.టి.పి. పనుల్లో తెలుగుకు అను, కన్నడకు నుడి ఫాంట్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. ఇవి విండోస్ కోసం చేసినవి. పాత పద్ధతిలో టైపు చేసిన ఫైలును ఆ ఫాంటు లేని లినక్స్ కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. కొన్ని ప్రింటర్లు, వైఫై పరికరాలు కూడా సరిగా పనిచేయవు. ఎక్కడైనా ఆగిపోతే, ఊళ్లో అడుగుదామంటే తెలిసినవాళ్లు తక్కువ.

మొదటి ఇబ్బందికి మందు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు 128, కన్నడకు 128 స్థానాలు కేటాయించారు. అందులో టైపు చేసింది విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒకేలా తెరుచుకుంటుంది. రెండోదానికి పెన్‌డ్రైవ్ ఉంది. ఉన్న విండోస్‌ను చెరపకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిపి, ప్రింటరు, వైఫై, రెండు భాషల కీబోర్డులు పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకోవచ్చు.

ఉచితం కదా అని మాత్రమే లినక్స్‌కు మారితే మధ్యలో విసుగొస్తుంది. ముందు మన వ్యాసాలు, అర్జీలు యూనికోడ్‌లో టైపు చేయడం అలవాటు చేసుకుందాం. బడిలో నలుగురు పిల్లలు లినక్స్ నేర్చుకుంటే, ఐదోవాడికి అడగడానికి మనిషి దొరుకుతాడు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఇందుకు సాయం చేయాలని నా మనవి.