కాగితం లేని గాయానికి సాక్షి: అమెరికా మాజీ సైనికుల వైకల్య క్లెయిములలో తోటివారి వాంగ్మూలాలు

1973 జూలై 12న సెయింట్ లూయిస్ శివారులోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో ఆరో అంతస్తు తగలబడింది. 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల సైనిక ఫైళ్లు బూడిదయ్యాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి దాకా అమెరికా ఆర్మీ నుంచి విడుదలైనవారి ఫైళ్లలో సుమారు 80 శాతం ఆ మంటల్లోనే పోయాయి. వాటికి నకళ్లు లేవు, మైక్రోఫిల్మ్ లేదు, ఏ ఫైలు పోయిందో చెప్పే సూచిక కూడా లేదు. కొరియా యుద్ధంలో మోకాలు దెబ్బతిన్న మనిషి ఆ తర్వాత వైకల్య పరిహారం అడిగితే, దెబ్బ తగిలిందనడానికి చాలాసార్లు మిగిలిన ఆధారం అతని మాట, ఆ రోజు పక్కనున్నవాడి మాట.

ఇలాంటి వాంగ్మూలాన్ని చాలామంది దరఖాస్తుదారులు సిఫారసు ఉత్తరంలా రాయించుకుంటారు. చట్టం దాన్ని అలా చూడదు. పోయిన రికార్డు చెప్పాల్సిన సంగతిని చెప్పే సాక్ష్యంగా చూస్తుంది. ఆ సాక్షి దొరకడం మాత్రం దెబ్బ ఎంత నిజమన్నదాని కంటే, సర్వీసు ఎవరి మధ్య ఎలా గడిచిందన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉందని ఈ వ్యాసం వాదన.

పరిహారం మంజూరు కావాలంటే మామూలుగా మూడు విషయాలు తేలాలి: ఇప్పుడు వైకల్యం ఉంది, సర్వీసులో ఒక సంఘటన జరిగింది, రెంటికీ సంబంధం ఉంది. మొదటిదానికీ మూడోదానికీ చాలా కేసుల్లో వైద్యుడే దిక్కు. తోటి సైనికుడి మాటకు అసలు బలం రెండోదాని దగ్గరే. పోరాటంలో పాల్గొన్నవారికి చట్టం ఇంకో అడుగు దిగివచ్చింది. అక్కడి పరిస్థితులకు పొసగేలా ఉంటే అధికారిక రికార్డు లేకున్నా సైనికుడి మాటనే అంగీకరించాలంటుంది. కాదనాలంటే స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం ఉండాలి. ఇరువైపులా సాక్ష్యం ఇంచుమించు సమంగా తూగితే సందేహ లాభం దరఖాస్తుదారుకే. అందుకే ఒక్క మంచి వాంగ్మూలం త్రాసును తిప్పగలదు.

మంచి వాంగ్మూలం ఏదన్నది రెండు తీర్పులు తేల్చాయి. 2006 నాటి బుకానన్ కేసులో దరఖాస్తుదారుకు స్కిజోఫ్రీనియా. జబ్బు సర్వీసులోనే మొదలైందని బంధువులూ ఒకప్పటి పై అధికారీ రాసిచ్చారు. ఆనాటి వైద్య పత్రాలు లేవన్న ఒక్క కారణంతో ఆ మాటలను తోసిపుచ్చడం కుదరదని ఫెడరల్ సర్క్యూట్ కోర్టు చెప్పింది. పత్రాలు లేకపోవడాన్ని తూకంలో వేసుకోవచ్చు, తలుపు మూసే గడియగా వాడకూడదు. మరుసటి ఏడాది వచ్చిన జాండ్రూ కేసులో ఫైలు సెయింట్ లూయిస్ మంటల్లో పోయింది. శిక్షణలో అతని భుజం కీలు తప్పిందని తోటి సైనికుడు రాసిచ్చాడు. కాలు విరగడం వంటిదాన్ని మామూలు మనిషి కూడా గుర్తుపట్టగలడు, క్యాన్సర్‌ను పట్టలేడు. ఈ భుజం సంగతి ఏ కోవలోకి వస్తుందో తేల్చమని కోర్టు కేసును వెనక్కి పంపింది. సాక్షి హద్దు అక్కడే ఉంది. కంటితో చూసింది, చెవితో విన్నది చెప్పాలి. రోగం పేరు పెట్టే పని అతనిది కాదు.

ఈ హద్దు దాటినప్పుడే వాంగ్మూలం పలచబడుతుంది. ఉదాహరణకు, “ఆయన గొప్ప సైనికుడు, పీటీఎస్‌డీతో నరకం అనుభవిస్తున్నారు, దయచేసి న్యాయం చేయండి” అన్న వాక్యాన్ని తీసుకుందాం. మనసు కరుగుతుందేమో గానీ పరిశీలించే అధికారికి ఇందులో పట్టుకోవడానికి ఒక్క విషయమూ లేదు. దీని పక్కన ఇంకోటి పెట్టి చూడండి: “మేమిద్దరం ఒకే ఫిరంగి మీద పనిచేశాం. ఆ రోజు మాకు చెవి బిరడాలు లేవు. సాయంత్రం భోజనాల దగ్గర నేను పిలిస్తే అతను పలకలేదు, చెవిలో ఏదో మోగుతోందని రెండు చేతులతో మూసుకున్నాడు. ఆ తర్వాత నన్ను వేరే ఫిరంగి దళానికి మార్చారు, అతణ్ణి మళ్లీ చూడలేదు.” చివరి వాక్యం కేసును బలహీనపరుస్తుందని కొందరు కొట్టేయిస్తారు. నా అంచనాలో మిగతా మాటలను నమ్మించేది అదే. తనకు తెలియనిది ఎక్కడ మొదలవుతుందో సాక్షి తానే చెబుతున్నాడు.

ఇలాంటి వాంగ్మూలానికి 21-10210 నంబరు ఫారం ఉంది. నోటరీ అక్కర్లేదు, చెప్పింది నిజమని ధ్రువీకరిస్తే చాలు. చిక్కు సేకరణలో వస్తుంది. దరఖాస్తుదారే ఒక నమూనా రాసి నలుగురికి పంపితే, నాలుగూ ఒకే వాక్యంతో తిరిగొస్తాయి. అప్పుడు అవి నలుగురి సాక్ష్యంగా కాక ఒక్కరి మాటకు నాలుగు నకళ్లుగా కనిపిస్తాయి. చిన్న చిన్న తేడాలతో ఎవరికి వారు రాసినవే మేలు. ఇంకో లోటు నడిమి కాలానిది. సంఘటనకు తోటివాడు ఉంటాడు, నేటి స్థితికి భార్యో బిడ్డలో ఉంటారు. విడుదలైన తర్వాతి తొలి పదేళ్లు ఎవరు చెబుతారు? అప్పటి మేస్త్రీనో, గదిలో కలిసున్నవాణ్ణో వెతకాలని చాలామందికి తోచదు.

వెతికినా అందరికీ దొరకరు. వియత్నాంకు ఆర్మీ మనుషులను ఒక్కొక్కరిగా, చాలావరకు 12 నెలల వంతుల మీద పంపింది. దళం అక్కడే ఉండేది, మనుషులు మారిపోయేవారు. ముద్దుపేరుతో తప్ప ఎరగని తోటివాణ్ణి నలభై ఏళ్ల తర్వాత పట్టుకోవడం ఎలా? ఏటా పునస్సమావేశాలు జరుపుకునే దళాలవారికి ఈ కష్టం తక్కువ. సర్వీసులో లైంగిక దాడికి గురైనవారి పరిస్థితి మరీ కఠినం, అక్కడ ప్రత్యక్ష సాక్షి సాధారణంగా ఉండనే ఉండడు. ఈ సంగతి గుర్తించే నిబంధనలు మతాధికారి, గదిసహచరి, కుటుంబసభ్యుల మాటలను, హఠాత్తుగా బదిలీ కోరడం, పనితీరు దిగజారడం వంటి మార్పులను కూడా ఆధారాలుగా ఒప్పుకున్నాయి.

భారత సైన్యంలో వరస వేరు. గాయం తగిలినప్పుడు దళంలోనే గాయ నివేదిక తయారవుతుంది, అవసరమైతే సైనిక విచారణ సంఘం (కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ) సాక్షులను అప్పుడే అడుగుతుంది. జబ్బుల విషయంలో 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చేరేటప్పుడు నమోదు కాని జబ్బు సర్వీసువల్లే వచ్చిందని భావించాలనీ కాదనే భారం యాజమాన్యానిదేననీ చెప్పింది. అమెరికాలోనూ 2022 నాటి పాక్ట్ చట్టం చెత్త కాల్చే గోతుల పొగకు గురైనవారికి కొన్ని జబ్బుల విషయంలో ఇలాంటి ఊహనే ఇచ్చింది. ఆ జాబితాలో ఉన్న జబ్బుకు ఏ దేశంలో ఎప్పుడు పనిచేశారో తేలితే చాలు, తోటివాడి కోసం వెతకనక్కర్లేదు. శిక్షణలో కీలు తప్పిన భుజానికి మాత్రం ఏ జాబితా లేదు.