దరి, దాపు: తెలుగు రాక క్రియల చరిత్ర

ఇంగ్లీషు 'అరైవ్' క్రియకు మూలం తీరమనే అర్థంగల లాటిన్ 'రీపా'. మధ్యయుగంలో ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులో ప్రవేశించినప్పుడు దాని అర్థం ఓడ ఒడ్డుకు చేరడం. క్రమంగా తీరం మరుగై, ఏ గమ్యం చేరినా ఆ క్రియే చెల్లింది.

తెలుగు 'దరిచేరు' నిర్మాణమూ ఇదే. 'దరి'కి ఒడ్డు, సామీప్యం అనే రెండర్థాలున్నాయి. అయితే 'దరి' విడిపదంగా నేటికీ నిలిచినందున, 'దరిచేరు'లో తీరం చెరగలేదు. గట్టెక్కడమనే ధ్వని మిగిలింది. 1889 నాటికి సికింద్రాబాద్ నుండి బెజవాడకు నిజాం రైలుమార్గం పూర్తయింది. ఆ మార్గంలోని ఘట్‌కేసర్‌లో ఇంగ్లీషు రైలు 'అరైవ్' అవుతుంది. తెలుగు రైలు 'వస్తుంది', 'చేరుతుంది', కాని 'దరిచేరదు'.

'అప్రోచ్', 'అరైవ్' ప్రయాణ దశలను వేరుచేస్తాయి. 'టర్న్ అప్' అనుకోని రాకను సూచించినా మర్యాదాభేదం చూపదు. తెలుగులో అతిథులు విచ్చేస్తారు, స్వామి వేంచేస్తాడు, పిలవనివాడు ఊడిపడతాడు. సామీప్యవాచి 'దాపు' నుండి ఏర్పడిన 'దాపురించు' కీడుకే పరిమితమైంది. దరి ఆశ్రయం వైపు, దాపు ఆపద వైపు సాగాయి. కనుక ద్విభాషా నిఘంటువులు 'అరైవ్'కు 'చేరు' అని ఊరుకోక, వచ్చువారిని బట్టి మారే ప్రయోగభేదాన్నీ నమోదు చేయవలసి ఉంది.