జన్యువుని మోసే సబ్బు చుట్టం

2021లో మా ఇంట్లో రెండు రకాల టీకాలు పడ్డాయి. కోరుట్లలో అమ్మానాన్నలకీ, జగిత్యాలలో అక్కకీ కోవిషీల్డ్. అమెరికాలో చదువుకుంటున్న నాకు ఫైజర్. "నీది మంచిదా బిడ్డా, మాదా?" అని అమ్మ ఫోనులో అడిగింది. అప్పుడు జవాబు తెలీలేదు. తర్వాత చదివితే అర్థమైందేంటంటే, రెండూ మోసింది కరోనా ముల్లు ప్రొటీను తయారుచేసే సూచననే. తేడా బండిలో ఉంది. వాళ్ళ బండి పెరగకుండా మార్చిన చింపాంజీ అడినోవైరస్. నాది కొవ్వు బుడగ.

మన భాషలో చెప్పాలంటే కోడ్ రాయడం ఒకెత్తు, డిప్లాయ్ చేయడం ఒకెత్తు. జన్యు చికిత్స చరిత్రలో సగం ఈ రెండో ఎత్తుదే.

మొదట్లో ఎక్కువమంది వైరస్‌నే నమ్ముకున్నారు. కణంలోకి దూరడం దానికి వెన్నతో పెట్టిన విద్య కదా! కానీ 1999 సెప్టెంబరులో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ప్రయోగంలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ళ కుర్రాడు చనిపోయాడు. లోపలికి పంపిన అడినోవైరస్ మీద అతని శరీరం విపరీతంగా తిరగబడింది. అంటే ప్రాణం తీసింది సరుకు కాదు, బండి.

రెండో దారి అప్పటికే ఉంది. 1987లో ఫిలిప్ ఫెల్గ్‌నర్ బృందం డాట్మా అనే అణువుతో డీఎన్ఏని కణాల్లోకి పంపింది. ఇది సబ్బుకి దగ్గరి చుట్టం. సిరిసిల్లలో మా మేనమామ అద్దకం పని చేసేవాడు. జిడ్డు పోనిదే నూలుకి రంగు పట్టదని ముందు సబ్బునీళ్ళలో ఉడకబెట్టేవాడు. సబ్బు అణువు తల నీటి వైపు, తోక జిడ్డు వైపు. మామూలు సబ్బు తలకి ఋణావేశం, డాట్మా తలకి ధనావేశం. డీఎన్ఏది ఋణావేశం కాబట్టి రెండూ అతుక్కుని ముద్దవుతాయి, కణం ఆ ముద్దని మింగుతుంది. మింగిన సంచిలోంచి బయటపడటం ఒక చిక్కు. సబ్బు గుణం ఎక్కువైతే కణం పొరే చిరగడం ఇంకో చిక్కు.

తల ఎలా ఉండాలి, తోక ఎంత ఉండాలి... ఈ లెక్క మన తార్నాకలోనూ చేశారు. ఐఐసీటీలో అరబింద చౌధురి బృందం 1990ల చివర్లోనే ఇలాంటి లిపిడ్లు తయారుచేసింది. సీసీఎంబీ శాస్త్రవేత్తలు మధుసూదనరావు, విజయ గోపాల్‌లతో కలిసి, చక్కెర తలలు తగిలించిన లిపిడ్ల మీద 2001లో పత్రం ప్రచురించింది.

తర్వాత వేరేచోట్ల ఇంకో ఉపాయం కుదిరింది. రక్తంలో ఆవేశం దాదాపు లేకుండా ఉండి, సంచిలోని ఆమ్లం తగలగానే ధనావేశం తెచ్చుకునే లిపిడ్. 2018లో పాటిసిరాన్ మందు, 2020లో టీకాలు దాని మీదే వచ్చాయి.

నా టీకాలోని లిపిడ్ తార్నాకది కాదు, నిజమే. అయినా కథ అయిపోలేదు. నరంలోకి ఎక్కిస్తే ఈ బుడగలు ఇప్పటికీ ఎక్కువగా కాలేయానికే పోతాయి. మిగతా అవయవాలకి దారి వెతుకుతూనే ఉన్నారు. నన్నడిగితే, మనవాళ్ళ పేరు గెలిచినప్పుడే కాదు, ఇలా వెతికేటప్పుడు కూడా తెలిసుండాలి. మీరేమంటారు?