సెలవుల్లో దొరికిన బడి: పని పిల్లల శిబిరాల చరిత్ర

ఈ నివేదికలో ముందు పేజీల్లో మన పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, వాయిదాల లెక్కలు ఉన్నాయి. ఏ గ్రామ సంఘం ఎంత అప్పు తీసుకుంది, ఎంత కట్టింది అన్నది రూపాయితో సహా రాసుకున్నాం. మన పిల్లల్లో ఎంతమంది ఏప్రిల్‌లో బడి మూసేటప్పుడు ఉన్నారు, ఎంతమంది జూన్‌లో తెరిచేటప్పుడు తిరిగి వచ్చారు అన్న లెక్క మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. అందుకే ఈసారి పిల్లల వేసవి శిబిరాల చరిత్రను అక్కచెల్లెళ్ళ ముందు పెడుతున్నాం.

వేసవి శిబిరం అనగానే టౌన్లలో ఫీజు కట్టి నేర్పించే ఈత, డ్యాన్సు, బొమ్మలేయడం గుర్తొస్తాయి. మేం చెప్పేది అది కాదు. పశువుల వెంట, మేకల వెంట, పత్తి చేలల్లో, ఇటుక బట్టీల దగ్గర చిన్నతనం గడిచిపోతున్న పిల్లలకు "నువ్వూ ఒక పిల్లవాడివే, నీకూ ఇక్కడ చోటుంది" అని చెప్పడానికి పెట్టిన శిబిరాల సంగతి. ఈ పని మన తెలుగు నేల మీద గట్టిగా జరిగింది. దాని నుంచి నేర్చుకున్నది తర్వాత దేశ చట్టంలోకి కూడా వెళ్ళింది.

మొదట ఎక్కడ పుట్టింది

కష్టాల్లో ఉన్న పిల్లలను వేసవిలో ఒకచోట చేర్చే ఆలోచన యూరప్‌లో దాదాపు 150 ఏళ్ళ కిందటిది. 1876లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్ పట్టణంలో వాల్టర్ బియోన్ అనే పాస్టరు 68 మంది పేద పిల్లలను వెంటబెట్టుకొని అప్పెంజెల్ కొండ ప్రాంతానికి తీసుకెళ్ళాడు. ఇరుకు గదుల్లో, పొగలో పెరిగే పిల్లలకు మంచి గాలి, పాలు, ఆట దొరకాలన్నది ఆయన ఉద్దేశం. మరుసటి ఏడాది 1877లో అమెరికాలో విల్లర్డ్ పార్సన్స్ అనే ఇంకో పాస్టరు న్యూయార్క్ పేద పిల్లలను పల్లెటూళ్ళ కుటుంబాల ఇళ్ళకు వేసవిలో పంపించే పని మొదలుపెట్టాడు. ఆ తర్వాత చాలా దేశాల్లో ఇలాంటి శిబిరాలు వచ్చాయి.

ఆ పిల్లలకు ఆ కొద్ది వారాలు మేలే చేశాయి. అయితే సెలవులు అయిపోగానే పిల్ల మళ్ళీ అదే సందుకు, అదే పనికి తిరిగి వెళ్ళేది. శిబిరం ఒక విశ్రాంతిగా ఉండేది తప్ప, పిల్ల బతుకును మార్చే దారి కాలేదు. మన దగ్గర జరిగిన పని ఇక్కడే వేరుగా ఉంది.

జీతం ఉన్న పిల్లలు

తెలంగాణ పల్లెల్లో "జీతం ఉండడం" అంటే ఏమిటో మన పెద్దవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆంధ్ర వైపు పాలేరుతనం అంటారు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు ఆసామి ఇంట్లో పశువులు కాసేవాడు. ఉగాదికి లెక్క చూసుకొని మళ్ళీ ఉగాది వరకు కుదుర్చుకునేవాళ్ళు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం వెట్టికి కారణమైన అప్పు కూడా రద్దయినట్టే. కానీ కాగితం మీద విడుదలైన పిల్లవాడు మర్నాడు పొద్దున ఎక్కడికి పోవాలి? బడికి పోతే పన్నెండేళ్ళ వాణ్ణి ఆరేళ్ళ పిల్లల పక్కన ఒకటో తరగతిలో కూర్చోబెడతారు. వాడికి సిగ్గు, మిగతా పిల్లలకు నవ్వు. నాలుగు రోజుల్లో మళ్ళీ మేకల వెంట పోతాడు.

ఈ చిక్కుకు ఒక జవాబు 1987లో దొరికింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసే శాంతా సిన్హా, అక్కడి విస్తరణ కార్యక్రమం బాధ్యురాలిగా, వెట్టి నుంచి బయటపడిన పిల్లలను బడికి సిద్ధం చేయడానికి మూడు నెలల శిబిరం పెట్టారు. నెల్లూరులో పుట్టిన ఆమె చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య గారి మనవరాలు. ఆయన పేరు మీద కుటుంబం 1981లో పెట్టిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి ఈ పనినే తన ముఖ్యమైన పనిగా చేసుకొని రంగారెడ్డి జిల్లా పల్లెల్లో మొదలుపెట్టింది.

మొదటి రోజుల్లో ఈ శిబిరాలు ఎక్కువగా వేసవిలో పెట్టేవాళ్ళు. అది మనలాంటి వాళ్ళకు తేలిగ్గా అర్థమయ్యే లెక్క. ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా బడులు, హాస్టళ్ళు ఖాళీగా ఉంటాయి. జూన్‌లో కొత్త తరగతులు మొదలవుతాయి. ఆ లోపల పిల్లకు చదవడం, రాయడం పట్టుబడితే నేరుగా తన వయసు పిల్లల తరగతిలోనే చేరొచ్చు. చిన్న పిల్లలను, అంటే ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళను, నేరుగా ఊరి బడిలోనే చేర్చేవాళ్ళు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకు శిబిరం. పని నుంచి బడికి దాటించే వంతెన కాబట్టి దీనికి బ్రిడ్జి కోర్సు అనే పేరు స్థిరపడింది.

శిబిరంలో ఏం జరిగేది

పిల్ల రాగానే పలక చేతికిచ్చి "అ, ఆ" దిద్దమనేవాళ్ళు కాదు. ముందు కొన్నాళ్ళు పాటలు, ఆటలు, కథలు, పొడుపు కథలు. పిల్ల తనకు వచ్చిన పాట పాడితే ఆ పాటలోని మాటలనే బోర్డు మీద రాసేవాళ్ళు. తన నోట్లోంచి వచ్చిన మాట గోడ మీద కనబడితే పిల్లకు అక్షరం మీద భయం పోతుంది. మందలో మేకలు లెక్కపెట్టే పిల్లవాడికి కూడికలు, తీసివేతలు కొత్తేమీ కాదు, రాయడమే కొత్త.

అక్కడ నేర్పేవాళ్ళలో చాలామంది ఊళ్ళలోని యువతీ యువకులే, తమ ఇంట్లో మొదటిసారి చదువుకున్న వాళ్ళు. పిల్లల యాస, కూలి, తిట్లు, ఆకలి అన్నీ వాళ్ళకు తెలుసు. ముందు వచ్చి కొంత నేర్చుకున్న పిల్లలు తర్వాత వచ్చిన వాళ్ళకు చెప్పేవాళ్ళు. తరగతి అంటూ గోడ కట్టలేదు, ఎవరికి ఎంత వచ్చో దాన్ని బట్టి గుంపులు.

కొందరు పిల్లలు పారిపోయేవాళ్ళు. ఆరుబయట తిరిగిన కాళ్ళు గదిలో నిలవడం కష్టం. ఇంటి మీద బెంగ కూడా ఉంటుంది. అలా పోయిన పిల్లను కొట్టి తేలేదు. ఇంటికి వెళ్ళి మాట్లాడి మళ్ళీ పిలిచేవాళ్ళు. తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. తల్లి వచ్చి బిడ్డ ఏం తింటోంది, ఎక్కడ పడుకుంటోంది, ఎవరి పక్కన ఉంటోంది అని చూసుకున్నాకే ఆమె మనసు కుదుటపడేది.

మన ఊళ్ళో ఒక్కడే బడికి పోని పిల్లవాడైతే వాడు వెనకబడ్డవాడు. శిబిరంలో అందరూ అలాంటి వాళ్ళే. ఒకరు గొర్రెల దగ్గర, ఒకరు హోటల్లో కప్పులు కడుగుతూ, ఒకమ్మాయి ఇంట్లో తమ్ముళ్ళను ఎత్తుకుంటూ గడిపిన వాళ్ళు. ఒకరి కథ ఇంకొకరు వింటే, ఇది తన తలరాత కాదని, తన తప్పు అసలే కాదని పిల్లకు తెలుస్తుంది. జూన్‌లో బడికి వెళ్ళినప్పుడు పిల్ల ఒంటరిగా వెళ్ళదు, శిబిరంలో తోడైన వాళ్ళతో కలిసి వెళ్తుంది.

ఈ సంగతి మనకు పుస్తకం చదివి తెలుసుకోవాల్సింది కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళే సారా దుకాణాల మీద లేచి నిలబడ్డారు. మన సంఘాలు పుట్టినప్పుడూ అంతే. చాప మీద గుండ్రంగా కూర్చొని, మొదటిసారి మన పేరు మనమే చెప్పుకున్నాం. డబ్బు తర్వాత వచ్చింది, ముందు ఆ చోటు వచ్చింది.

తల్లుల వైపు నుంచి

"పేదవాళ్ళకు పిల్లల సంపాదన కావాలి, చదివించరు" అని ఆ రోజుల్లో అందరూ అనేవాళ్ళు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగిన వాళ్ళకు కనబడింది వేరు. అడిగి, దారి చూపించి, తోడు నిలబడితే కూలి చేసుకునే తల్లిదండ్రులు కూడా పిల్లను పంపించారు. మేకలు ఎవరు కాయాలి, చంటివాణ్ణి ఎవరు చూడాలి, పొయ్యి ఎవరు పెట్టాలి అన్నది ఇంట్లో సర్దుకున్నారు. ఆ సర్దుబాటు ఎక్కువగా తల్లి మీదే పడింది. పిల్ల చేసే పని కూడా తనే నెత్తికెత్తుకుంది. ఈ చరిత్ర రాసేవాళ్ళు ఆ తల్లుల పేర్లు రాయలేదు. మనం మాత్రం మరిచిపోకూడదు.

ఆసాములతో కూడా కొట్లాటే దారి అనుకోలేదు. పిల్లవాణ్ణి పని మాన్పించి బడికి పంపిన రైతులను ఊరి సభలో పిలిచి శాలువా కప్పారు. బాల కార్మిక విమోచన వేదిక పేరుతో ప్రభుత్వ ఉపాధ్యాయులు కూడా ముందుకొచ్చారు. 1999 నాటికి ఈ పని 500 గ్రామాలకు చేరింది. వేసవి శిబిరాలు ఏడాది పొడవునా నడిచే బ్రిడ్జి బడులయ్యాయి. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

ఆడపిల్లల విషయం ఇంకా కష్టం. ముఖ్యంగా మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి ఆడపిల్లలనే ఎక్కువగా పెట్టుకునేవాళ్ళు. పూవు పూవుకూ పుప్పొడి అద్దే పని అది. సీజన్‌కు ముందే ఇంటికి అడ్వాన్సు వచ్చేది, దాంతో పిల్ల బడి మానేది. పెద్దమనిషి అయిన పిల్లను బయట శిబిరంలో ఉంచడానికి ఇంట్లో భయం. అందుకే ఆడపిల్లల శిబిరాల్లో ఆడ టీచర్లు ఉండడం, తల్లులు వచ్చి పోవడం చాలా ముఖ్యమయ్యాయి.

ప్రభుత్వం చేతికి, చట్టంలోకి

1990ల చివర్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా వేసవిలో ఖాళీగా ఉండే సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో బడి మానేసిన పిల్లలకు శిబిరాలు పెట్టింది. 2000లో ఆరు జిల్లాల్లో మొదలైన వెలుగు ప్రాజెక్టు మనందరికీ తెలిసిందే. మన గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు గట్టిపడింది దాంతోనే. ఆ ప్రాజెక్టులో పొదుపు, అప్పులతో పాటు బడి బయట ఉన్న పిల్లల కోసం కూడా ఒక భాగం ఉండేది. అంటే పిల్లల శిబిరం మన సంఘాలకు పరాయి పని కాదు, మొదటి నుంచీ మన పనుల్లో ఒకటి.

2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పాలి. బడి మానేసిన పిల్లను ఆ వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన చదువు కోసం ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. రంగారెడ్డి పల్లెల శిబిరాల్లో చేసి చూపించినది ఇదే. వయసు కాగితం లేదని, టి.సి. ఇంకా రాలేదని, చేరే గడువు దాటిందని ఏ బడీ పిల్లను వెనక్కి పంపకూడదు. 2016 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలను కూలి పనిలో పెట్టుకోవడం పూర్తిగా నేరం. సెలవుల్లో, బడి అయ్యాక సొంత ఇంటి పనికి చేయి సాయం చేయడం ఒక మినహాయింపు. 18 ఏళ్ళు నిండని ఆడపిల్ల పెళ్ళిని 2006 చట్టం నిషేధించింది.

మనకు మిగిలిన పని

చట్టాలు వచ్చాయి, ప్రతి ఊళ్ళో బడి ఉంది, గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. అయినా వేసవి అంటే భయం పోలేదు. ఏప్రిల్ చివర బడి మూస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఈ యాభై రోజుల్లోనే వలస పోయిన కుటుంబం పిల్లను వెంట తీసుకెళ్తుంది, మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, పెళ్ళి ముహూర్తం కుదురుతుంది. తండ్రి పోయిన పిల్ల, అమ్మమ్మ దగ్గర ఉండే పిల్ల, తాగుడు ఇంట్లో పెరిగే పిల్ల ఎక్కువగా ఇప్పుడే జారిపోతారు. ఎవరూ పొమ్మనరు, ఎవరూ రమ్మని కూడా పిలవరు.

అందుకని ప్రతి గ్రామ సంఘాన్నీ మూడు పనులు కోరుతున్నాం. ఒకటి, ఏప్రిల్ సమావేశంలో సంఘం వారీగా పిల్లల పేర్లు రాసుకోవాలి, జూన్ సమావేశంలో అదే జాబితా చదివి రాని పిల్లల ఇళ్ళకు వెళ్ళాలి. రెండు, సంఘ భవనంలోనో బడి వరండాలోనో రోజుకు రెండు గంటలు పిల్లలను కూర్చోబెట్టాలి. ఊళ్ళో డిగ్రీ చదివే ఆడపిల్లలు పాట, ఆట, చదువు చెప్పగలరు. మంచినీళ్ళు, గుగ్గిళ్ళు మనం చూసుకోగలం. అందులో ముందు కూర్చోవాల్సింది ఎవరూ లేని పిల్ల, తర్వాతే మన పిల్లలు. మూడు, పిల్ల పనిలో ఉన్నట్టు, పెళ్ళి కుదిరినట్టు తెలిస్తే ఇంటికి వెళ్ళి మాట్లాడాలి, వినకపోతే 1098కి ఫోన్ చేయాలి. అప్పు వల్ల పిల్లను పనికి పంపుతున్నారని తెలిస్తే ఆ ఇంటికి సంఘం నుంచి ముందుగా అప్పు ఇచ్చే తీర్మానం చేయొచ్చు.

వచ్చే ఏడాది నివేదికలో వాయిదాల పట్టిక పక్కనే ఇంకో పట్టిక వేద్దాం. గ్రామ సంఘం పేరు, ఏప్రిల్‌లో బడిలో ఉన్న పిల్లలు, జూన్‌లో తిరిగి వచ్చిన పిల్లలు. ఆ రెండు అంకెలూ ఒకటే కావాలి.