మీ ట్రాక్టరు మరొకరు నడిపితే బీమా వర్తిస్తుందా?

దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరు ఒకరి పేరున ఉంటుంది, నడిపేది మరొకరు. తమ్ముడో, బావమరిదో, జీతానికి పెట్టుకున్న డ్రైవరో, ఒక్కోసారి పక్క పొలం రైతో. "పాలసీ నా పేరున ఉంది, తోలింది నేను కాదు, డబ్బు వస్తుందా?" అని రైతులు మమ్మల్ని అడుగుతుంటారు. ప్రమాదం జరిగాకే అడుగుతారు, అదీ చిక్కు.

మోటారు బీమా బండికి ఉంటుంది. మీ అనుమతితో ఎవరు నడిపినా వర్తిస్తుంది. కాకపోతే నడిపిన వ్యక్తికి ఆ రోజుకు చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. పాలసీలో 'డ్రైవర్ క్లాజు' అన్న చోట ఉండే షరతు ఇదే. ఖాళీ బరువు 7,500 కిలోలు మించని ట్రాక్టరు చట్టప్రకారం లైట్ మోటారు వాహనమే కాబట్టి, కారు నడిపే ఎల్.ఎం.వి. లైసెన్సు సరిపోతుంది. మోటారు సైకిలు లైసెన్సు సరిపోదు. మన ఊళ్లలో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. "పదేళ్లుగా తోలుతున్నాడు, చెయ్యి తిరిగినవాడు" అన్న మాట కోర్టులో నిలవదు.

లైసెన్సు లేనివాడు నడిపి ఎవరినైనా గుద్దితే ఏమవుతుంది? మీ ట్రాక్టరు రిపేరుకు కంపెనీ పైసా ఇవ్వదు. బాధితులకు ముందు కంపెనీయే చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోవచ్చని ట్రిబ్యునళ్లు తీర్పులిస్తుంటాయి. మనిషి చనిపోయిన కేసుల్లో పరిహారం లక్షల్లో ఉంటుంది. ఒకటి రెండు ఎకరాల రైతుకు అది భూమి మీదికి వచ్చే బాకీ. ఇక పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడికి తాళం ఇస్తే, 2019 సవరణ ప్రకారం తండ్రికి లేదా యజమానికి రూ.25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు. బండి రిజిస్ట్రేషన్ కూడా 12 నెలలు రద్దవుతుంది.

లైసెన్సు ఒక్కటే చూస్తే చాలదు, పని కూడా చూడాలి. వ్యవసాయ అవసరాలకు తీసుకున్న పాలసీతో ఇసుక, ఇటుక కిరాయికి తిప్పితే కంపెనీ అభ్యంతరం చెబుతుంది. బదులుకు తీసుకెళ్లినవాడు ఏం తోలుతున్నాడో అడగడానికి మొహమాటపడకండి. ట్రాక్టరులో డ్రైవరుకు ఒక్కడికే సీటు, కాబట్టి మడ్‌గార్డు మీద కూర్చున్నవారికి పాలసీ రక్షణ ఉండదు. నాట్లకు కూలీలను ట్రక్కులో ఎక్కించుకోవడమూ ఇలాంటి ప్రమాదమే. ట్రక్కు వివరాలు, దాని ప్రీమియం పాలసీలో విడిగా కనిపించాలి.

ప్రీమియంతో పాటు కట్టే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానికి మాత్రమే, అదీ ఆయనకు లైసెన్సు ఉంటేనే. కొడుకు నడుపుతూ చనిపోతే ఆ కవర్ కింద రాదు. జీతపు డ్రైవరు ఉంటే అతనికి కవర్ ఉందో లేదో రెన్యువల్ రోజే పాలసీలో చూసుకోండి.

తాళం ఇచ్చే ముందు లైసెన్సు ఫోటో తీసుకుని, గడువు తేదీ, వాహన తరగతి చూడండి. డిజీలాకర్‌లో ఉన్నదీ చెల్లుతుంది. ప్రమాదం జరిగితే పోలీసులకు, కంపెనీకి వెంటనే తెలపండి. లైసెన్సు లేనివాడి బదులు "నేనే నడిపాను" అని చెప్పమని సలహా ఇచ్చేవాళ్లు ఊరికి ఇద్దరుంటారు. వినకండి. అబద్ధమని తేలితే క్లెయిము పోవడంతో పాటు మీ మీద మరో కేసు పడుతుంది.